మేనేజరుగారి చెవి

ఒకటో తరగతి గది,
పిల్లలు వెళ్ళిపోయాక

మరిదీ,

ఈ వయసులో నీకు ఉద్యోగం ఏంటి వదినా అని పడీ పడీ నవ్వావుగా. ఇంకా నవ్వు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొట్టి కుర్చీల మధ్య తిరిగి తిరిగి నా మోకాళ్ళు కమిలిపోయాయి. మీ అన్నయ్య రాత్రి తైలం రాస్తూ, "నువ్వు చదువు చెప్పడానికి వెళ్తున్నావా, కుస్తీకి వెళ్తున్నావా?" అంటున్నారు.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేంటి అనుకుంటున్నావేమో. చెప్పుల అట్టపెట్టెకి ఎర్ర కాగితం అంటించి క్లాసులో పోస్టు డబ్బా పెట్టాం. అందులో నిజం ఉత్తరాలు పడాలని పిల్లల పట్టు. మీ అన్నయ్యని రాయమంటే, ఒకే మంచం మీద పడుకుంటూ ఏం రాస్తాం అన్నారు. ఇక మనవాళ్ళలో పనిలేనివాడు ఎవరా అని చూస్తే నువ్వు గుర్తొచ్చావు.

ఇక్కడి సంగతులు విను. ఇసుక పళ్ళెంలో వేలితో అక్షరం దిద్దమంటే ఒకడు పెద్ద పాము గీశాడు. అక్షరం ఏదిరా అంటే, "పాము మింగేసింది టీచర్" అన్నాడు. రాలిన ఆకులు ఏరుకొచ్చి పెద్దవి ఒకపక్క, చిన్నవి ఒకపక్క పెట్టమన్నా. మధ్యరకం ఆకు ఒకటి మిగిలితే దాని మీద జాలిపడి, అది ఒంటరిగా ఉంటుందని మళ్ళీ బయటికి పరిగెత్తి దానికి తోడు తెచ్చారు. ఒకరు ఏడిస్తే అందరూ ఏడుస్తారు. ఎందుకేడుస్తున్నారంటే ఒక్కరికీ తెలీదు.

నువ్వెప్పుడో నీ షాపులో మిగిలిన సీటు గుడ్డ ముక్కలతో మావాడికి కుట్టిచ్చిన ఏనుగు ఉంది చూడు. మావాడికి మీసాలొచ్చాయి, అది అటకెక్కింది. దాన్ని దించి క్లాసులో కుర్చీ వేసి కూర్చోబెట్టా. పొద్దస్తమానం ఏ పనీ చెయ్యకుండా కూర్చునే ఉంటుందని పిల్లలు దానికి మేనేజరు అని పేరు పెట్టారు. ఒకడి నాన్న పనిచేసే చోట మేనేజరు ఇంతేనట. మేమంతా గుండ్రంగా కూర్చుంటాం. మేనేజరు ఎవరి ఒళ్ళో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. నన్నడిగితే మనింట్లో కూడా ఒకటి ఉండాలి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. మా క్లాసులో ఒక బుల్లి పిల్ల ఉంది, వాళ్ళ నాయనమ్మని వదలదని అందరూ జిగురు అంటారు. గుమ్మం దాటి లోపలికి రాదు. మేనేజరు కుడి చెవి చేతికిస్తేనే వస్తుంది, చెవి కొస నోట్లో పెట్టుకుని తలుపు పక్కనే నిలబడుతుంది. చెవి లేకపోతే మళ్ళీ గుమ్మం అవతలికే. ముసలావిడ కూరగాయల బండి వదిలేసి కిటికీ కింద బెంచీ మీద కాపలా కూర్చుంటోంది. మా పెద్ద టీచరుగారు నిన్న తేల్చి చెప్పేశారు. సెలవులు ఇచ్చేలోపు ఆ పిల్ల అందరితో పాటు కూర్చోకపోతే పేరు తీసేసి వచ్చే ఏడు చూద్దామని. ముసలావిడేమో, "వచ్చే ఏడు లేదు, ఏమీ లేదు టీచరమ్మా. ఇప్పుడు కూర్చోకపోతే ఇక బండి దగ్గరే కూర్చుంటుంది" అంది.

ఈ గొడవలో మేనేజరు పొట్ట పిగిలింది. నేను కుట్టబోతే ఇంకో పక్క పిగిలింది. అందుకని నీకు పంపిస్తున్నా. ఒక్క కుట్టు వేసి వెంటనే పంపు. ఒక్కటంటే ఒక్కటే. వేషాలు వెయ్యకు.

వదిన


సీట్ల షాపు,
మధ్యాహ్నం, కరెంటు పోయింది

టీచరమ్మ వదినగారి దివ్య సముఖానికి,

మేనేజరుగారు క్షేమంగా చేరారు. పార్సెల్ విప్పగానే పొట్టలో దూదంతా నా ఒళ్ళో కక్కారు. ప్రయాణం పడలేదనుకుంటా. బల్ల మీద పడుకోబెట్టి పైన గుడ్డ కప్పా. వచ్చిన ప్రతి కస్టమరూ ఎవరికండీ బాగోలేదు అని అడిగి పోతున్నాడు.

ఒక్క కుట్టు చాలట. డాక్టరు దగ్గరికెళ్ళి ఏ మందు రాయాలో కూడా నువ్వే చెప్పే రకం. బస్సు సీట్ల పని నెత్తి మీదుంది, అది దించి మేనేజరు సంగతి చూస్తా. ఈలోపు పిల్లలు బెంగపెట్టుకోకుండా ఆయన తరఫున ఒక కాగితం పంపుతున్నా. మేం గుడ్డ కోసే ముందు అట్ట పెట్టి చుట్టూ గీత గీస్తాం. అలాగే నా సామాన్లు ఒక్కొక్కటీ కాగితం మీద పెట్టి చుట్టూ గీశా. కత్తెర, సుత్తి, దారం కండె, బొత్తాం, ఆఖర్న నా చెయ్యి. పేర్లు రాయలేదు. గీత చూసి ఏది ఏంటో పిల్లలే చెప్పాలి. అందులో ఒకటి మోసం ఉంది. అది సామాను కాదు, నేను సగం కొరికిన బిస్కెట్టు. ఎవరూ కనిపెట్టలేరని పందెం.

నేనా, ఐదో తరగతిలో గోడ దూకినవాణ్ణి. మళ్ళీ ఒకటో తరగతికి హోంవర్కు చేస్తున్నానంటే నీ పుణ్యమే.

మీ పెద్ద టీచరుగారి సంగతేంటి? నువ్వు చెప్పే తీరు చూస్తే ఆవిడ నవ్వితే గోడకి పగుళ్ళొచ్చేలా ఉంది. ఆవిడ కుర్చీ ఒకసారి నొక్కి చూడు. గట్టి కుర్చీలో కూర్చునేవాళ్ళందరూ అలాగే ఉంటారు, ఇన్నేళ్ళ నుంచీ చూస్తున్నా. కుర్చీ పంపిస్తే మంచి స్పాంజి వేసిస్తా, మనిషి మెత్తబడుతుంది.

నీ ముద్దుల మరిది


ఒకటో తరగతి గది,
బెల్లు కొట్టక ముందు

మరిదీ,

నువ్వు నా కొంప ముంచావు.

ఉత్తరం వచ్చింది, ఉత్తరం వచ్చింది అని పిల్లలు గంతులేస్తుంటే, ముందు నేను చదువుకోకుండా గట్టిగా చదవడం మొదలుపెట్టా. కత్తెర అయింది, గోడ దూకడం కూడా అయింది. అదే ఊపులో కుర్చీ, స్పాంజి, మనిషి మెత్తబడుతుంది దాకా వచ్చేశా. తల ఎత్తితే గుమ్మంలో పెద్ద టీచరుగారు. పిల్లలందరూ ఒకేసారి ఆవిడ కుర్చీ ఎక్కడుందా అని చూశారు. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఏమైనా అన్నా బాగుండేది.

ఇకనుంచి పిల్లలకి వేరే కాగితం, నీ చెత్తకి వేరే కాగితం.

నీ గీతలు మాత్రం, ఒప్పుకోక తప్పదు, బాగా పనిచేశాయి. కత్తెరని చూసి తాతగారి కళ్ళజోడు అన్నారు పిల్లలు. దారం కండెని ఒకడు "మా నాన్నమ్మ నడుం" అన్నాడు. గదిలో ఉన్న వస్తువులన్నీ తెచ్చి గీతల మీద పెట్టి చూశారు, సరిపోనిదాన్ని పక్కన పెట్టారు. పొద్దుటి క్లాసంతా అదే ఆట, ఒక్కరూ ఏడవలేదు. నువ్వు పందెం కాసిన బిస్కెట్టు ఒక్కటే అందరూ ఒకే గొంతుతో చెప్పేసింది.

చెయ్యి దగ్గర గొడవ. మా క్లాసులో ఒకడున్నాడు, అందరి మీదా చాడీలు చెప్తాడని పోలీసు అంటాం. మేనేజరుకి కాళ్ళే ఉంటాయి, చేతులుండవు, ఇది దొంగ ఉత్తరం అన్నాడు. మేనేజరుని బాగుచేసే మావయ్య చెయ్యి అని చెప్పా. నువ్విప్పుడు రిపేరు మావయ్యవి. అందరూ ఆ చేతి మీద తమ చేతులు పెట్టి కొలుచుకున్నారు. అప్పుడు చూశా, జిగురు. చెవి లేదు కదా, పొద్దున్నుంచి గుమ్మం అవతలే ఉంది. కాగితం నేల మీద పెట్టి నేను అటు తిరిగి బల్ల సర్దుతున్నట్టు నటించా. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, వంగి చెయ్యి పెట్టి చూసుకుంది. వెంటనే బయటికి తుర్రుమంది. కానీ వచ్చింది.

పిల్లలు నీకు జవాబుగా వాళ్ళ చేతులు గీసి పంపుతున్నారు. జిగురు చెయ్యి నేను బయట బెంచీ మీద, వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో పెట్టి గీశా. చిటికెన వేలు మిగతావాటి మీద అలిగినట్టు పక్కకి పోయి ఉంటుంది చూడు, అదే. ఎంత దగ్గరికి జరిపినా మళ్ళీ అలాగే పెడుతుంది.

సెలవులు దగ్గర పడుతున్నాయి. మేనేజరు ఎప్పుడొస్తాడు?

వదిన


సీట్ల షాపు,
పని అయ్యాక, చేతులు కడుక్కుని రాస్తున్నా

వదినా,

ముందు కూర్చో. నిలబడి చదివితే ఆనందానికి పడిపోతావు.

మేనేజరు తయారు. పార్సెల్ విప్పితే నువ్వు నన్ను ఇన్నాళ్ళూ ఎంత తక్కువ అంచనా వేశావో తెలుస్తుంది. ఒక కారాయన సీట్లకి తెచ్చిన నీలం మఖమలు కొంచెం మిగిలింది. పిల్లి వీపు నిమిరినట్టుంటుంది. అది వేశా. ఆ పాత గుడ్డ ఏంటి వదినా, రంగు పోయి, అతుకులు పడి, చెవి కొస చీకి చీకి పీచయి. దాన్ని మేనేజరు అంటే ఏ ఆఫీసులో రానిస్తారు? కళ్ళకి కోటు బొత్తాలు కుట్టా. తొండంలో తీగె పెట్టా, ఎటు వంచితే అటు ఉంటుంది, నీకు దండం కూడా పెడుతుంది. లోపల పాత దూది తీసేసి కొత్తది కూరా. చెవులు రెండూ ఇస్త్రీ చేసినట్టు నిలబడ్డాయి.

షాపుకొచ్చిన వాళ్ళందరూ అమ్ముతావా అని అడుగుతున్నారు. పక్క షాపు టైరులాయన ఆ తొండం వంచి వంచి, సాయంత్రం దాకా తన షాపుకి వెళ్ళలేదు.

నువ్వు కూడా గుర్తుపట్టవు, చూస్కో.

రిపేరు మావయ్య


ఒకటో తరగతి గది

మరిదికి,

నువ్వన్నట్టే అయింది. ఎవరూ గుర్తుపట్టలేదు.

విప్పి కుర్చీలో పెట్టగానే అందరూ చుట్టూ మూగారు. "ఈయనెవరు టీచర్?" అని ఒకడు. "మేనేజరు అల్లుడు" అని ఇంకొకడు. ఇదే మన మేనేజరు, కొత్త చొక్కా వేసుకున్నాడు అన్నా. "మరి పాత మేనేజరు ఏడి?" అని పోలీసు.

జిగురు గుమ్మంలోంచి చెయ్యి చాపింది. తెచ్చి ఇచ్చా. కుడి చెవి పట్టుకుంది, వాసన చూసింది, కొస వెతికింది. ఎడమ చెవి కూడా చూసింది. తర్వాత దాన్ని మెల్లగా నేల మీద కూర్చోబెట్టి, దాని వైపు చూడకుండా బెంచీ దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి గుమ్మం దాకా కూడా రావట్లేదు. గేటు దగ్గరే ఆగిపోతోంది. అంతకు ముందు ఒక కాలైనా లోపల పెట్టింది.

పెద్ద టీచరుగారు రిజిస్టరు తెప్పించుకుని చూశారు. ఈ వారం ఆఖరికి సెలవులు. ముసలావిడ నన్ను ఓదార్చింది, చూడు ఎంత దూరం వచ్చిందో. "పోన్లెండి టీచరమ్మా, మీరు మాత్రం ఏం చేస్తారు" అంది.

ఒక్క కుట్టు అడిగా నిన్ను.

వదిన


సీట్ల షాపు,
పొద్దున్నే, షట్టరు సగం ఎత్తి

వదినా,

నీ ఉత్తరం చదివాక టీ తాగబుద్ధి కాలేదు. నాకు టీ తాగబుద్ధి కాకపోవడం అంటే ఏంటో అన్నయ్యని అడుగు.

తప్పు నాదే. మా పనిలో ఒక జబ్బు ఉంది. చేతికి వచ్చింది బయటికెళ్ళేటప్పుడు పాత గుడ్డ ఎక్కడైనా కనపడితే మాకు తల కొట్టేసినట్టుంటుంది. సీటుకి అది సరే. ఒక్క కుట్టే వెయ్యమని నువ్వు ముందే చెప్పావు, ఆ పిల్ల చెవి కొస నోట్లో పెట్టుకుంటుందని కూడా రాశావు. నేను అది చదివి నవ్వి, ఆ చెవే ముందు విప్పి అవతల పడేశా.

పడేశా అంటే, నిజంగా పారెయ్యలేదు. అదొక్కటే మన అదృష్టం. మేం పాత కవరుని చింపం. కుట్లు విప్పి, ముక్కలు పరిచి, వాటిని చూసి కొత్త గుడ్డ కోస్తాం. కస్టమరు చూసి సరే అనేదాకా ఆ పాత ముక్కలు మేకుకి వేలాడుతూనే ఉంటాయి. మేనేజరు పాత ఒళ్ళంతా నా తల మీదే, మేకుకి ఉంది.

మళ్ళీ నేనే కుట్టి పంపుదామని సూదిలో దారం ఎక్కించా. ఆగిపోయా. నేను కుడితే మళ్ళీ బాగా కుడతా. చెయ్యి ఊరుకోదు.

అందుకని మీ పిల్లల్నే కుట్టమను. ముక్కలకి వెనకాల రెగ్జిన్ అంటించి, అంచుల చుట్టూ తోలుకి చిల్లులు కొట్టే పంచ్‌తో పెద్ద పెద్ద చిల్లులు కొట్టా. సూదులు అక్కర్లేదు. బూటు లేసులు పంపుతున్నా, కొసలు గట్టిగా ఉంటాయి, చిల్లులోంచి దూరతాయి. పాత దూది సంచిలో ఉంది, కడగలేదు. మీ క్లాసు వాసన దాంట్లోనే ఉంటుంది. పిల్లలతో ఉన్నది ఉన్నట్టు చెప్పు. రిపేరు మావయ్య అడక్కుండా మేనేజరుని మార్చేశాడు, ఇప్పుడు సిగ్గుపడుతున్నాడు అని. ఇది గట్టిగానే చదువు, పెద్ద టీచరుగారున్నా సరే.

ముక్కల్లో కుడి చెవి ఉండదు. కంగారుపడకు. అది విడిగా ఒక కవర్లో పెట్టా. కవరు మీద పేరు లేదు, ఒక చెయ్యి గీసి ఉంది. ఎవరిదో నువ్వు చెప్పకు. నీ పోస్టు డబ్బాలో వేసి చేతులు కట్టుకుని కూర్చో. ఇది వేషం కాదు వదినా. వేషమే అనుకో, కానీ ఈసారి ఆలోచించి వేశా.

పోస్టుని నమ్మను. సీట్లు తీసుకెళ్ళే లారీ డ్రైవరు మీ స్కూలు గేటు దగ్గర దించుతాడు. మనిషి మోటుగా ఉంటాడు, భయపడకు. మేనేజరు కథ విని అతనే రెండు లేసులు తన బూట్లలోంచి తీసిచ్చాడు.

మరిది


ఒకటో తరగతి గది,
సెలవులు ఇచ్చేసిన సాయంత్రం

మరిదీ,

ముందు కూర్చో. నీ మాట నీకే అప్పజెప్తున్నా.

లేసుల్లేని బూట్లు ఈడ్చుకుంటూ మీ డ్రైవరు నిన్న పార్సెల్ ఇచ్చి వెళ్ళాడు. ఇవాళ పొద్దున చాప మీద ముక్కలన్నీ పరిచి నీ ఉత్తరంలో నువ్వు చదవమన్నంత వరకే గట్టిగా చదివా. నువ్వు సిగ్గుపడుతున్నావనగానే పిల్లలందరికీ నీ మీద జాలేసింది. "మావయ్యని ఎవరూ తిట్టకండి" అని పోలీసు అందరినీ బెదిరించాడు, అప్పటికి ఎవరూ తిట్టలేదు.

తర్వాత కుట్టడం మొదలైంది. ఒకరు ముక్క పట్టుకుంటే ఒకరు లేసు దూర్చారు. పై నుంచి కిందికి, కింద నుంచి పైకి, వాళ్ళే పాటలాగా అనుకుంటూ. పెన్సిలు సరిగ్గా పట్టని వేళ్ళు చిల్లు తప్పకుండా దూర్చాయి. ఒకడు తన చొక్కా అంచుని కూడా మేనేజరుకి కలిపి కుట్టేసుకున్నాడు, విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒక కాలు వెనక్కి తిరిగింది. తొండం మెలిపడింది. పొట్టలో దూది ఎక్కువై అన్నం తిని పడుకున్న మీ అన్నయ్యలా తయారైంది.

అప్పుడు చూశారు, చెవి లేదని. ఒకరి మీద ఒకరికి అనుమానం. నేను పోస్టు డబ్బా చూడమన్నా. కవరు దొరికింది, మీద చెయ్యి. పిల్లలందరూ వరసగా చేతులు పెట్టి చూశారు. ఒకరిది పెద్దది, ఒకరిది లావు. ఏ చెయ్యి పెట్టినా చిటికెన వేలు దగ్గర గీత బయటికి పోతోంది. నాకు నోరు దురద. నువ్వు చెప్పావని ఊరుకున్నా. ఉరుము అని ఒక పిల్ల ఉందిలే, దానికి మెల్లగా మాట్లాడటం రాదు. అది కిటికీ ఎక్కి గేటు దాకా వినపడేలా అరిచింది, "ఇంకో చెయ్యి మిగిలిందీ, రావే."

కిటికీలోంచి చూశా. గేటు దగ్గర జిగురు తన నాయనమ్మ మొహంలోకి చూసింది. ముసలావిడ తన చీర కొంగు సర్దుకుంటూ అటు తిరిగింది. నేను ఆ రోజు బల్ల సర్దానే, అలాగ.

వచ్చింది. గుమ్మం దగ్గర ఆగింది. అందరూ జరిగి దారి ఇచ్చారు, ఎవరూ చెప్పకుండానే. లోపలికొచ్చి కవరు మీద చెయ్యి పెట్టింది. అతుక్కున్నట్టు సరిపోయింది. కవరు విప్పి చెవి తీసి, కొస చూసుకుంది. నోట్లో పెట్టుకుంటుందని అందరం చూస్తున్నాం. పెట్టుకోలేదు. చాప మీద మేనేజరు పక్కన, పోలీసుకీ ఉరుముకీ మధ్య ఇరుక్కుని కూర్చుని, లేసు తీసుకుంది.

సరిగ్గా అప్పుడే పెద్ద టీచరుగారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. ఏం జరుగుతోందో చూద్దామని వంగారు. జిగురు తల ఎత్తకుండా లేసు కొస ఆవిడ చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకో" అంది. నేను దాని గొంతు వినడం అదే మొదటిసారి. ఆవిడ రిజిస్టరు చంకలో పెట్టుకుని, లేసు పట్టుకుని, చెవి కుట్టడం అయ్యేదాకా అలాగే వంగి నిలబడ్డారు. చెవి తిరగేసి కుట్టింది. ఎవరూ ఆ మాట అనలేదు.

బెల్లు కొట్టాక కిటికీలోంచి చూస్తే బెంచీ ఖాళీ, గేటు దగ్గరా ఎవరూ లేరు. ముసలావిడ ఎప్పుడో బండి దగ్గరికి వెళ్ళిపోయింది. జిగురు కూడా చూసింది. చూసి, చెప్పులు వేసుకోవడానికి వరసలో నిలబడింది.

పేరు తియ్యలేదు. రిజిస్టరు అసలు తెరవలేదు.

వదిన


సీట్ల షాపు

వదినా,

నీ ఉత్తరం కస్టమర్లకి చదివి వినిపించా. టైరులాయన కళ్ళు తుడుచుకుని దుమ్ము పడిందన్నాడు. నా కళ్ళలో కూడా అదే దుమ్ము పడింది, మా వీధి అంత చెత్తగా ఉంది.

సెలవులయ్యాక నీలం మఖమలు ఏనుగుని వెనక్కి పంపు. మీకు దానితో పని లేదుగా. షాపు ముందు కుర్చీ వేసి కూర్చోబెడతా, బేరాలు పెరుగుతాయి.

మరిది


ఒకటో తరగతి గది,
సెలవులయ్యాక మొదటి సోమవారం

మరిదీ,

నీలం ఏనుగుని పంపడం కుదరదు. అది స్కూల్లో చేరిపోయింది.

పొద్దున నేను వచ్చేసరికి మేనేజరు తన కుర్చీలో, తిరగబడ్డ చెవితో, దర్జాగా ఉన్నాడు. అలమరలో ఉన్న నీలందాన్ని జిగురు తీసుకెళ్ళి గుమ్మం అవతల కూర్చోబెట్టింది. ఎందుకమ్మా అంటే, "కొత్త పిల్లాడు టీచర్, భయం వేస్తోంది" అంది. మధ్యాహ్నానికి గుమ్మం మీదికి జరిపింది. సాయంత్రానికి తలుపు పక్కకి వచ్చింది. ఎవరైనా లాగబోతే ఒప్పుకోవట్లేదు. వాడంతట వాడే రావాలట. ఇంటికెళ్ళే ముందు వాడి పక్కన కూర్చుని, చెవి పట్టుకుని, మెల్లగా చెప్తుంటే విన్నా.

"లోపల ఎవరూ ఏమీ అనరు. రేపు కొంచెం జరుగు. నేను ఇక్కడే ఉంటా."

ఇంకో మాట. పెద్ద టీచరుగారి కుర్చీ ఈ ఉత్తరం తెచ్చే లారీలోనే వేయించా. ఆవిడే నన్ను పిలిచి, "మీ మరిది స్పాంజి వేస్తానన్నాడుగా" అన్నారు. ఈసారి మాత్రం చెప్పినంతే చెయ్యి. రంగు మార్చకు.

వదిన